విండోస్ 11 మీద పాత ఎఫ్ఎస్ఎక్స్: విమానం ఎగిరింది, సామాను దారిలో దిగిపోయింది

ముందే చెప్పేస్తాను: ఎగురుతోంది. ఆ ఒక్క ముక్క కోసమే వచ్చినవాళ్లు ఇక్కడితో వెళ్లిపోవచ్చు. "ఎగురుతోంది" అని రాయడానికి నాకు మూడు ఆదివారాలు ఎందుకు పట్టిందో తెలుసుకోవాలంటే మాత్రం కాస్త ఓపిక పట్టండి.

నేను పైలట్‌ని కాదు. పగలంతా ఇతరుల జమాఖర్చులు రాస్తాను. రాత్రి ఇంట్లో అందరూ పడుకున్నాక సెస్నా 172 ఎక్కుతాను. నా దగ్గరున్నది కంప్యూటర్‌లో విమానం నడిపే ఆట, మైక్రోసాఫ్ట్ వాళ్ల ఫ్లైట్ సిమ్యులేటర్ ఎక్స్, అందరూ ఎఫ్ఎస్ఎక్స్ అనేది. 2006లో రెండు డీవీడీల్లో వచ్చింది. నేను వాడుతున్నది 2014 డిసెంబర్‌లో స్టీమ్ అనే ఆన్‌లైన్ ఆటల దుకాణంలో వచ్చిన ఎడిషన్. మొదట దాన్ని తయారుచేసిన ఏసెస్ స్టూడియో 2009లోనే మూతపడింది. అంటే మేస్త్రీ వెళ్లిపోయిన ఇల్లు. పునాది కింద నేల మారుస్తుంటే గోడలు నిలుస్తాయా లేదా అన్నది నా ప్రశ్న.

విండోస్ 10కి మామూలు మద్దతు 2025 అక్టోబర్ 14తో ఆగిపోయింది. ఇతరుల లెక్కలు, బ్యాంకు పనులు అన్నీ ఇదే కంప్యూటర్‌లో చేస్తాను కాబట్టి మారక తప్పలేదు. నా ప్రాసెసర్ ఎనిమిదో తరం ఇంటెల్, అంటే విండోస్ 11 గడప దగ్గర ఆపకుండా లోపలికి రానిచ్చే అట్టడుగు మెట్టు. విండోస్ 11 అడిగే టీపీఎం అనే భద్రతా చిప్ బయోస్ సెట్టింగుల్లో ఆఫ్ అయి ఉంటే ఆన్ చేశాను.

"అమ్మా, బ్యాకప్ తీశావా?" అంది మా అమ్మాయి.

"తీశాలే."

తీశాను నిజమే. ఎఫ్ఎస్ఎక్స్ ఫోల్డర్ మొత్తం బయటి డ్రైవ్‌లోకి కాపీ చేశాను. ఎఫ్ఎస్ఎక్స్ తన సామానంతా ఆ ఒక్క ఫోల్డర్‌లోనే పెట్టుకోదన్న సంగతి మాత్రం అప్పుడు గుర్తు రాలేదు. దాని సంగతి చివర్లో చెప్తాను.

మొదటి ఆదివారం, ఉన్నదాని మీదే అప్‌గ్రేడ్ చేశాను. ఏదీ చెరపలేదు. పూర్తయ్యాక ఎఫ్ఎస్ఎక్స్ నొక్కి కళ్లు మూసుకున్నంత పని చేశాను. కాసేపటికి, ఆట తెరవగానే వచ్చే ఫ్రైడే హార్బర్ మీద ఆ చిన్న ట్రైక్ (మోటారు గ్లైడర్ లాంటిది) ఎప్పటిలాగే గాల్లో వేలాడుతూ కనిపించింది. పంతొమ్మిదేళ్ల కిందటి ప్రోగ్రామ్ కొత్త విండోస్ మీద కిమ్మనకుండా తెరుచుకోవడం చిన్న విషయం కాదు. ఇదేమీ అదృష్టం కాదు. 64 బిట్ విండోస్ ఇప్పటికీ 32 బిట్ ప్రోగ్రామ్‌లను తనలో ఒక పక్క కూర్చోబెట్టి నడుపుతుంది. డైరెక్ట్‌ఎక్స్ 9 కాలం నాటి ఆటలకూ చోటుంది. దారి మూసేసింది 16 బిట్ వాటికే.

మెనూలు పదేపదే తెరిస్తే ఠక్కున మూసుకుపోయే జబ్బు ఎఫ్ఎస్ఎక్స్‌కి విండోస్ 7 నాటి నుంచీ ఉంది. విండోస్ విస్టా కాలపు యూఐఆటోమేషన్‌కోర్ అనే డీఎల్ఎల్ ఫైలు ఒకటి దాని ఫోల్డర్‌లో పెట్టడం పాత వైద్యం. నేనెప్పుడో పెట్టినది అలాగే ఉంది, పనిచేస్తూనే ఉంది.

వేగం మాటకొస్తే, చాలామంది అడిగేది ఇదే కాబట్టి కొలిచాను. అప్‌గ్రేడ్‌కు ముందు సియాటెల్ రన్‌వే మీద మధ్యాహ్నం పన్నెండుకు, మబ్బుల్లేని వాతావరణంలో సెస్నా నిలబెట్టి, ఫ్రేమ్ పరిమితి తీసేసి, షిఫ్ట్ జెడ్ నొక్కి చూశాను: సెకనుకు 34 ఫ్రేముల (తెర మీద మారే బొమ్మల) చుట్టూ ఆడింది. తర్వాత అదే చోట, అదే సమయంలో 33. ఆ ఒక్క అంకె తేడాను నేను తేడాగా లెక్కకట్టను. పెరగలేదెందుకని నిరాశపడేవాళ్లుంటారు. ఎఫ్ఎస్ఎక్స్ పని ఎక్కువగా ఒకే కోర్ మీద నడుస్తుంది. 2007లో వచ్చిన మొదటి సర్వీస్ ప్యాక్ నేల బొమ్మలు నింపే పనిని మిగతా కోర్లకు పంచింది గానీ, అసలు బరువు ఒక్కదాని మీదే. ఆ ఒక్క కోర్ వేగం ఎంతో మీ ఫ్రేములు అంతే. ఇంటికి కొత్త రంగు వేసినంత మాత్రాన గది వెడల్పవ్వదు.

మెమరీ సంగతీ అంతే. "కంప్యూటర్‌లో 16 జీబీ ర్యామ్ ఉంది, కొత్త విండోస్ ఉంది, ఇక ఔట్ ఆఫ్ మెమరీ రాదుగా" అని ఒక మిత్రుడు అడిగారు. వస్తుంది. 32 బిట్ ప్రోగ్రామ్ మొత్తం మీద చూడగలిగేది 4 జీబీ అంత స్థలమే. మీరు 64 జీబీ పెట్టినా అది మిగతాది చూడలేదు. భారీ విమానం, వివరమైన విమానాశ్రయం, గంటల కొద్దీ ప్రయాణం, ఈ మూడూ కలిస్తే దిగే వేళకి టింగ్ అని హెచ్చరిక మోగి, రన్‌వే కళ్లముందు కనబడుతుండగానే అంతా మాయమవుతుంది. దీనికి మందు విండోస్‌లో లేదు, ఆట సెట్టింగుల్లో బొమ్మల వివరం తగ్గించేలా స్లయిడర్లు ఎడమవైపుకి జరపడంలో ఉంది.

చిక్కు వచ్చింది జాయ్‌స్టిక్ దగ్గర. టేకాఫ్‌కి పరుగెత్తిస్తుంటే విమానం తాగినవాడిలా ఎడమకి లాగుతోంది. గాలి అనుకున్నాను. గాలి లేదు. ఇంజన్ తిప్పుడు అనుకున్నాను, సెస్నాకి అది కొంత ఉంటుంది కూడా. అరగంట కుస్తీ పట్టాక తేలిందేమిటంటే, అప్‌గ్రేడ్‌లో విండోస్ ఆ జాయ్‌స్టిక్‌కి కొత్త గుర్తింపు ఇచ్చింది. ఎఫ్ఎస్ఎక్స్ దాన్ని ఇప్పుడే కొన్న వస్తువనుకుని తన సొంత అమరికలు వేసేసింది. కర్ర మెలితిప్పితే రడ్డర్ (విమానం ముక్కును ఎడమకీ కుడికీ తిప్పే తోక రెక్క), పెడళ్లు తొక్కినా రడ్డర్. ఒకే పనికి ఇద్దరు యజమానులు. సెట్టింగుల్లోకి వెళ్లి కర్ర రడ్డర్ తీసేస్తే విమానం తిన్నగా నడిచింది. కొండను తవ్వి ఎలుకను పట్టినట్టయింది, కానీ మీ దగ్గర కర్ర, పెడళ్లు వేర్వేరుగా ఉంటే మొదట చూడాల్సింది ఇదే. ఇంకోటి, యూఎస్‌బీ పరికరాలు కాసేపు కదలకపోతే కరెంటు ఆదా కోసం విండోస్ వాటిని నిద్రపుచ్చుతుంది. సముద్రం మీద ఆటోపైలట్ పెట్టి టీకి లేచి వచ్చాక కర్ర పలకకపోతే కారణం అదే కావచ్చు. డివైస్ మేనేజర్‌లో ఆ టిక్కు తీసేయండి.

ఇక్కడితో ఆపి ఉంటే ఈ సమీక్ష సగంలో అయిపోయేది, మార్కులు పదికి తొమ్మిది. నేను ఆపలేదు. రెండు నెలల తర్వాత పెద్ద ఎస్ఎస్‌డీ కొని, విండోస్ 11ని దాని మీద మొదటి నుంచి వేశాను. ఉన్నదాని మీద అప్‌గ్రేడ్ వేరు, ఖాళీ ఇంట్లోకి కాపురం మార్చడం వేరు. అసలు పరీక్ష అప్పుడు మొదలైంది.

స్టీమ్ ఎడిషన్ కాబట్టి ఎఫ్ఎస్ఎక్స్ దానంతట అదే దిగింది. ప్రోగ్రామ్ ఫైల్స్ ఫోల్డర్‌లో కాకుండా విడిగా ఒక చోట లైబ్రరీ పెట్టి అందులోకి దించాను. ప్రోగ్రామ్ ఫైల్స్‌కి విండోస్ కాపలా ఎక్కువ, అదనపు విమానాల ఇన్‌స్టాలర్లేమో ఎఫ్ఎస్ఎక్స్ సొంత ఫైళ్లను తిరగరాస్తుంటాయి. ఆ ఇద్దరికీ పడదు.

తర్వాత జాయ్‌స్టిక్ కంపెనీవాళ్ల సాఫ్ట్‌వేర్ వేయబోతే విండోస్ ఒప్పుకోలేదు. కొత్తగా వేసిన విండోస్ 11లో మెమరీ ఇంటెగ్రిటీ అని ఒక రక్షణ సాధారణంగా ఆన్ అయి ఉంటుంది. దాని నియమాలకు ఒదగని పాత డ్రైవర్లను లోపలికి రానివ్వదు. ఆ రక్షణ ఆఫ్ చేయమని సలహాలు దొరుకుతాయి. బ్యాంకు లెక్కలున్న కంప్యూటర్‌లో నేను చేయను. ఆ సాఫ్ట్‌వేర్‌ని అక్కడే వదిలేసి కర్రను ఊరికే గుచ్చితే, విండోస్ తనంతట తానే గుర్తుపట్టింది. జాయ్.సీపీఎల్ అని టైప్ చేస్తే వచ్చే చిన్న కిటికీలో సరిచేసుకున్నాను, అన్ని బటన్లూ పలికాయి. ఇన్నేళ్లూ ఆ సాఫ్ట్‌వేర్‌ని పెళ్లికి వెళ్తూ పిల్లిని చంకన పెట్టుకున్నట్టు మోశానన్నమాట.

ఉచితంగా దొరికిన విమానాలది ఏ గొడవా లేదు. పాత డిస్క్‌లోంచి ఆ ఫోల్డర్లు తెచ్చి సిమ్‌ఆబ్జెక్ట్స్‌లోని ఎయిర్‌ప్లేన్స్ కింద పడేస్తే చాలు. రెండింటిలో మాత్రం డయళ్లు ఉండాల్సిన చోట నల్లటి గుంటలు కనిపించాయి. ఆ గేజ్‌లను నడిపే విజువల్ సీ ప్లస్ ప్లస్ రన్‌టైమ్ అనే సహాయక ఫైళ్ల మూట ఖాళీ విండోస్‌లో లేదు. 2005, 2008, 2010 మూడూ, 32 బిట్‌వే వేశాక డయళ్లు వెలిగాయి. మ్యాప్ చూపించే చిన్న ప్రోగ్రామ్ ఒకటి, బయటి ప్రోగ్రామ్‌లు ఎఫ్ఎస్ఎక్స్‌తో మాట్లాడే వంతెన సిమ్‌కనెక్ట్ పాత వెర్షన్ కావాలని మొండికేసింది. ఎఫ్ఎస్ఎక్స్ ఫోల్డర్‌లోని ఎస్‌డీకే (అదనపు ప్రోగ్రామ్‌లు తయారుచేసేవాళ్ల పనిముట్లు)లో లెగసీ ఇంటర్‌ఫేసెస్ అనే చోట ఆ పాతవి కూడా దాచిపెట్టారు. వెళ్లినవాళ్లు వెళ్తూ వెళ్తూ తాళంచెవి గుమ్మం కింద పెట్టి వెళ్లినట్టు అనిపించింది.

డబ్బిచ్చి కొన్న విమానం ఒకటుంది. నాకిష్టమైనది. చాలా శ్రద్ధగా చేసిన రెండింజన్ల విమానం, పేరు చెప్పను. దాని లైసెన్స్ కంప్యూటర్‌కి ముడిపడి ఉంటుంది. డిస్క్ మారేసరికి కొత్త కంప్యూటర్ అనుకుని మళ్లీ నమోదు అడిగింది. నమోదు చేసే సర్వర్ పలకదు, వాళ్ల సైటూ తెరుచుకోదు, నా ఉత్తరాలకి జవాబూ లేదు. విమానం హార్డ్ డిస్క్‌లో చెక్కుచెదరకుండా ఉంది, తలుపు మాత్రం తెరుచుకోదు. ఇక్కడ విండోస్ తప్పు లేదు, ఎఫ్ఎస్ఎక్స్ తప్పు అంతకన్నా లేదు.

ఇది కొత్త కథ కూడా కాదు. 2003లో నాలుగు సీడీల్లో వచ్చిన ఫ్లైట్ సిమ్యులేటర్ 2004కి జరిగిందీ ఇదే. దాని సీడీకి వేసిన తాళం సేఫ్‌డిస్క్. దాని డ్రైవర్‌లో భద్రతా లోపాలున్నాయని 2015లో విండోస్ 10 దాన్ని మోయడం మానేసింది. విమానాలు బాగానే ఉన్నాయి, తాళమే తుప్పుపట్టింది. మాక్ వాళ్ల అనుభవం మాత్రం వేరు. 2019లో మాక్‌ఓఎస్ కాటలీనా రాగానే 32 బిట్ ప్రోగ్రామ్‌లన్నీ ఒక్క దెబ్బతో ఆగిపోయాయి, ఇలాంటిదే మరో విమానాల ఆట పాత ఎక్స్‌ప్లేన్ 9 కూడా. అక్కడ విమానమే పోయింది.

"అమ్మా, ఇంత అవస్థ దేనికి? 2024 వేసుకోవచ్చుగా" అంది మా అమ్మాయి. కొత్త ఫ్లైట్ సిమ్యులేటర్ 2024 సంగతి అంటోంది. వేసుకోవచ్చు, అది అద్భుతం, నేనూ చూశాను. కానీ అది నేలనంతా ఎప్పటికప్పుడు ఇంటర్నెట్‌లోంచి దించుకుంటుంది. నా కంప్యూటర్ దాని పక్కన ఆయాసపడుతుంది. పైగా నా గంటలు ఇందులో ఉన్నాయి.

ఉన్నాయనే అనుకున్నాను. మూడో ఆదివారం రాత్రి లాగ్‌బుక్ తెరిస్తే మొత్తం 3.4 గంటలు. అవి కొత్త డిస్క్ మీద ఎగిరినవే. అంతకుముందు 1,312 గంటలుండాలి. లెక్కలు రాసేదాన్ని కదా, ఆ అంకె నాకు ఇంటి నంబర్‌లా గుర్తు.

లాగ్‌బుక్ ఎఫ్ఎస్ఎక్స్ ఫోల్డర్‌లో ఉండదు. డాక్యుమెంట్స్‌లో ఫ్లైట్ సిమ్యులేటర్ ఎక్స్ ఫైల్స్ అనే ఫోల్డర్ ఉంటుంది, అందులో లాగ్‌బుక్.బిన్. దాచుకున్న ప్రయాణాలూ అక్కడే. సెట్టింగుల ఫైలు ఎఫ్ఎస్ఎక్స్.సీఎఫ్‌జీ ఇంకో చోట, యాప్‌డేటాలో. నా బ్యాకప్‌లో ఈ రెండూ లేవు. పోనీ పాత డిస్క్‌లో డాక్యుమెంట్స్ తెరిస్తే అదీ ఖాళీ. మా అమ్మాయి ఆ డిస్క్‌ని యూఎస్‌బీ డబ్బాలో పెట్టి దాచి ఉంచింది, ఈ విషయంలో ఆమెకి నేను రుణపడ్డాను. ఇద్దరం పక్కపక్కన కూర్చుని వెతికాం. ఎప్పుడో ఒక క్లౌడ్ బ్యాకప్ సేవకి నేను సరే అన్నానట. అది నా డాక్యుమెంట్స్ మొత్తాన్ని తన ఫోల్డర్ కిందకి మార్చేసుకుంది.

"సరే అని నొక్కింది ఎవరు?" అంది.

"చదివే నొక్కాను" అన్నాను. చదవలేదు.

ఫైలు దొరికింది. కొత్తదాని చోట పెట్టగానే 1,312 గంటలు తిరిగొచ్చాయి. కానీ రెండు లాగ్‌బుక్‌లను కలిపే వీలు ఎఫ్ఎస్ఎక్స్‌లో లేదు. పాతది పెడితే కొత్తది పోతుంది. ఆ 3.4 గంటలను బయలుదేరిన చోటు, దిగిన చోటు, తేదీతో సహా ఎర్ర అట్ట పుస్తకంలో చేత్తో రాసుకున్నాను. కింద గీత గీసి, ముందు పేజీ నుంచి తెచ్చిన మొత్తం 1,312 అని వేసి కూడాను: 1,315.4.