డైనమో విప్పే ముందు మీటర్ పెట్టే షాపు: గాజువాక ఆటోనగర్ లారీ ఎలక్ట్రీషియన్

లారీకి చార్జింగ్ సమస్య వచ్చి, ఇప్పటికే ఒకరిద్దరు మీ జేబు ఖాళీ చేసి ఉంటే గాజువాక ఆటోనగర్‌లో ఈ షాపు చూడండి. బోర్డు మీద బ్యాటరీ కంపెనీ పేరే ఇంత లావున ఉంటుంది, కింద షాపు పేరు ఎండకి వెలిసిపోయింది. లారీ వైరింగ్ చేసే పెద్ద మేస్త్రి ఎక్కడ అని అడిగితే చూపిస్తారు. ఐదుకి నాలుగు స్టార్లు ఇస్తున్నాను, ఆ ఒక్కటి ఎందుకు కోశానో చివర్లో చెప్తాను.

మాది పన్నెండు చక్రాల బీఎస్ సిక్స్ (పొగ నిబంధనల ప్రకారం వచ్చిన) బండి, పోర్టు నుంచి బొగ్గు తోలుతుంది. పొద్దున్నే సెల్ఫ్ కొడితే మూలుగుతుంది, రాత్రి లంకెలపాలెం దాటేసరికి హెడ్‌లైట్లు పచ్చబడిపోతాయి, యాడ్‌బ్లూ (పొగలో విషం తగ్గించడానికి పోసే యూరియా ద్రావణం) లైటు తనకి బుద్ధి పుట్టినప్పుడు వెలుగుతుంది, లేనప్పుడు ఆరుతుంది. బ్యాటరీ గుర్తు మాత్రం ఏనాడూ వెలగలేదు. ఒకచోట బ్యాటరీలు పోయాయన్నారు, కొత్త జత వేయించాం. కొన్నాళ్ళు బాగానే నడిచి మళ్ళీ మొదటికొచ్చింది. ఇంకోచోట డైనమో (ఇంజిన్ తిరుగుతుంటే బ్యాటరీలని చార్జ్ చేసేది) విప్పేసి కార్బన్లు, రెగ్యులేటర్ మార్చారు. మూడో ఆయన స్కానర్ పెట్టి ఏదో సెన్సర్ పోయిందని ఎస్టిమేట్ రాసిచ్చాడు, ఆ రేటు చూసి మా డ్రైవర్ "అన్నా, ముందు ఆటోనగర్లో మేస్త్రిని ఒక్కసారి అడుగుదాం, ఆ తర్వాత నీ ఇష్టం" అన్నాడు.

ఈ మేస్త్రి స్పానర్ ముట్టుకోలేదు. రాత్రంతా బండి ఆగి ఉందా లేదా అని మొదట అడిగాడు. ఉందన్నాక రెండు బ్యాటరీలనీ విడివిడిగా మీటర్ పెట్టి చూశాడు. లారీలో 12 వోల్టుల బ్యాటరీలు రెండు వరసగా కలిపి 24 చేస్తారు కదా, చాలామంది రెండూ కలిపి ఒకే రీడింగ్ తీసి ఊరుకుంటారు. మా బండిలో ఒకటి 12.7 చూపించింది, రెండోది 12.1. నిండుగా చార్జ్ ఉన్న బ్యాటరీ ఆగి ఉన్నప్పుడు 12.6 పైన ఉండాలి, 12.1 అంటే సగం ఖాళీ. రెండూ ఒకే రోజు కొన్నవి, ఒకే డబ్బాలో ఉన్నవి, మరి ఈ తేడా ఏంటి? మేస్త్రి ఏమీ అనకుండా క్యాబిన్లోకి ఎక్కి మ్యూజిక్ సిస్టమ్ వైరు పట్టుకుని వెనక్కి లాక్కుంటూ వచ్చాడు. అది తిన్నగా రెండు బ్యాటరీల మధ్య జాయింటు దగ్గర తేలింది. మ్యూజిక్ సిస్టమ్, సెల్ చార్జర్లు, చిన్న ఫ్యాను అన్నీ ఎర్త్ వైపు (బండి బాడీకి కలిపే మైనస్ వైపు) ఉన్న ఒక్క బ్యాటరీ నుంచే తాగుతున్నాయి. బండి కొన్నప్పుడు యాక్సెసరీస్ బిగించినవాళ్ళు ఇచ్చిన కనెక్షన్ అది. మన రోడ్ల మీద తిరిగే లారీల్లో ఇలాంటివి బోలెడు ఉంటాయి, ఒకసారి మీ బండి డబ్బా మూత తీసి చూడండి. అలా లాగితే కిందిది, అంటే ఆ ఎర్త్ వైపు బ్యాటరీ, ఎప్పటికీ నిండదు, పైది, అంటే రెండోది, అవసరానికి మించి చార్జ్ అయి నీళ్ళు ఉడికించుకుంటుంది. మా పైదానిలో నీళ్ళు ప్లేట్ల దాకా దిగిపోయి ఉన్నాయి.

అసలు పని ఆ తర్వాత చేశాడు. ఇంజిన్ స్టార్ట్ చేయించి హెడ్‌లైట్లు, బ్లోయర్, వైపర్లు అన్నీ వేయించాడు. లోడు లేకుండా చూస్తే ఏ వైరైనా మంచిదిలాగే కనపడుతుందట. డైనమో బోల్టు (కరెంటు బయటికొచ్చే చోటు) దగ్గర 28.2 వోల్టులు. బ్యాటరీల దగ్గర 27.0. మీటర్ నాబ్ ఏసీకి తిప్పి, డైనమోలో ఏసీని డీసీ చేసే డయోడ్లు కూడా చూశాడు, అవి బాగానే ఉన్నాయి.

"డైనమో ఏటీ తప్పు చెయ్యలేదు బాబూ, కరెంటు దారిలోనే పోతంది."

ఆ దారిలో ఎక్కడ పోతుందో పట్టుకున్న పద్ధతి నాకు బాగా నచ్చింది. మీటర్ ఒక ముల్లు డైనమో బోల్టు మీద, ఇంకోటి బ్యాటరీ ప్లస్ మీద పెట్టాడు, 0.3 వచ్చింది, అంటే ఆ దారిలో పోయే వోల్టేజీ అంతే, పర్వాలేదు. తర్వాత ఒకటి డైనమో బాడీ మీద, ఇంకోటి బ్యాటరీ మైనస్ మీద. 0.9. ఎర్త్ వైపు ఇంత ఉండకూడదు, పావు వోల్టు లోపే ఉండాలి అన్నాడు. ఇంజిన్ నుంచి ఛాసిస్‌కి వచ్చే ఎర్త్ పట్టీ విప్పి నా చేతిలో పెట్టాడు. పైన నలుపు తొడుగు కొత్తదానిలా ఉంది, లగ్ (బోల్టుకి బిగించే కొస) దగ్గర కోసి చూస్తే లోపల రాగి తీగలు పచ్చగా చిలుము పట్టి, వేలితో నలిపితే పొడి పొడిగా రాలాయి. బోల్టు కింద ఛాసిస్ పెయింట్ ఉబ్బి లోపలంతా తుప్పు. సముద్రపు గాలి, దానికి తోడు బొగ్గు దుమ్ము, ఆ రెండూ తడిసి పేరుకుంటే ఇలాగే ఉంటుంది, పోర్టు బండ్లకి ఏటా ఎర్త్‌లు విప్పి శుభ్రం చేయాల్సిందే అన్నాడు.

అన్నీ అక్కడే అర్థమయ్యాయి. డైనమోలో రెగ్యులేటర్ తన దగ్గరున్న వోల్టేజీనే చూసుకుని 28 దాటింది కదా చాలనుకుంటుంది, బ్యాటరీకి ఎంత చేరిందో దానికి తెలియదు. అందుకే బ్యాటరీ లైటు వెలగలేదు. సెల్ఫ్ కరెంటు కూడా ఆ కుళ్ళిన పట్టీలోంచే రావాలి కాబట్టి పొద్దున్నే ఆ మూలుగుడు. వోల్టేజీ పడిపోతే బీఎస్ సిక్స్ కంప్యూటర్ బాగున్న సెన్సర్ల మీద కూడా పోయాయన్న కోడ్లు వేస్తుంది, మాకు ఎస్టిమేట్ వేసిన సెన్సర్‌కి ఏ జబ్బూ లేదు.

కొత్త ఎర్త్ పట్టీ, ఛాసిస్ మీద బోల్టు చోట పెయింట్ గీకి శుభ్రం చేసి గ్రీజు, మ్యూజిక్ సిస్టమ్‌కి 24 నుంచి 12కి తగ్గించే కన్వర్టర్, కింది బ్యాటరీకి విడిగా చార్జింగ్, పైదానికి డిస్టిల్డ్ వాటర్. అయ్యాక అంతే లోడు మీద మళ్ళీ కొలిచి చూపించాడు, బ్యాటరీల దగ్గర 27.8, విడిగా 14.1, 13.7. ఆ తర్వాత యాడ్‌బ్లూ లైటు మళ్ళీ కనపడలేదు. చెకింగ్‌కి 500 అన్నాడు, పని అక్కడే చేయించాం కాబట్టి అది బిల్లులో తగ్గించాడు. కన్వర్టర్‌తో కలిపి మొత్తం అయినది కూడా మేం అంతకుముందు డైనమో పనికి పోసిన దాంట్లో సగం లేదు. పాత పట్టీ, పాత వైర్లు అడక్కుండానే సంచిలో వేసి ఇచ్చాడు.

ఇక తగ్గించిన స్టారు సంగతి. మీటర్ పట్టేది ఆయన ఒక్కడే, కుర్రాళ్ళు బిగించడానికే. ఆయన భోజనానికి వెళ్తే మధ్యాహ్నం బండి అలా పడి ఉండాల్సిందే, ఎంతసేపు అని అడిగితే సమాధానం రాదు. బిల్లు తెల్లకాగితం మీద రాసిస్తాడు, లెక్కలు చూపించాల్సిన ట్రాన్స్‌పోర్ట్ కంపెనీ వాళ్ళకి ఇది కుదరదు. డైనమో వైండింగ్ (లోపలి తీగ చుట్లు) పోతే తను చేయడు, బయటికి పంపిస్తాడు, ఇంకో రోజు పోతుంది.

లైను ఇరుకు, ట్రైలర్ అయితే లోపలికి తిప్పలేరు, మెయిన్ రోడ్డు మీద ఆపుకుని ఆయన్నే పిలుచుకోవాలి. వీలైతే ముందురోజు సాయంత్రమే బండి తెచ్చి అక్కడ పెట్టేయండి. పరిగెత్తి వచ్చిన బండి బ్యాటరీని కొలిస్తే లేని చార్జ్ ఉన్నట్టు చూపిస్తుందని, అలా వచ్చినవాళ్ళని పొద్దున్న రమ్మని తిప్పి పంపేస్తాడు.