‘1970 మార్క్ 2 అంబాసిడర్’ అని చూపిస్తే బయానా ఇవ్వకముందు ఇది చదవండి (విజయవాడ, గుంటూరు)

పాత అంబాసిడర్ల కోసం వెతుకుతున్నవాళ్లకి ఈ కబురు. ఆటోనగర్ వైపు ఒక షెడ్డులో తెల్ల అంబాసిడర్ ఉంది. ‘1970 మోడల్, మార్క్ 2, ఒరిజినల్ వింటేజ్’ అని ఆరున్నర లక్షలు చెబుతున్నారు. (మార్క్ 1, 2, 4 అంటే అంబాసిడర్‌లో వరసగా వచ్చిన మోడళ్ల పేర్లు.) గుంటూరులో ఉండే మా బావగారు దానికి యాభై వేలు బయానా ఇచ్చారు. బేరం రద్దయింది గానీ అందులో ఇరవై వేలు ఇప్పటికీ వాళ్ల దగ్గరే ఇరుక్కున్నాయి. పేరు రాయను, వ్యవహారం ఫిర్యాదు దాకా వెళ్తోంది. ఆ ఆరున్నర లక్షలు ఎక్కణ్ణుంచి పుట్టాయో మాత్రం విడమర్చి చెబుతాను. ఇదే లెక్క మీకు ఇంకో షెడ్డులోనూ ఎదురుకావచ్చు.

ధరలో సగం ‘వింటేజ్’ అనే మాటదే. “యాభై ఏళ్లు దాటింది సార్, వీఏ నంబరు వస్తుంది, ఇక రేటు పెరగడమే” అన్నాడు అమ్మేవాడు. రూలు ఉన్నమాట నిజమే. 2021 జులైలో కేంద్రం తెచ్చింది. మొదటి రిజిస్ట్రేషన్ నుంచి 50 ఏళ్లు దాటిన బండికి వీఏ (VA) అక్షరాలుండే వింటేజ్ నంబరు ఇస్తారు, కొత్త రిజిస్ట్రేషన్‌కి ఫీజు 20,000, గడువు పదేళ్లు. ఆయన మింగేసిన సగం ఏమిటంటే, ఛాసిస్, బాడీ షెల్, ఇంజిన్ పెద్దగా మారకుండా ఉండాలి. పైగా ఆ నంబరుతో రోజూ తిరగడానికి లేదు. ర్యాలీకి, ప్రదర్శనకి, పెట్రోలుకి, రిపేరుకి అంతే. ఆదివారం పూట పిల్లల్ని ఎక్కించుకుని మంగళగిరి కొండ దాకా వెళ్లొద్దామనుకున్న మనిషికి ఆ నంబరు దేనికి?

సరే, స్టార్ట్ చేయమన్నాం. దడదడలాడింది. డీజిల్! డీజిల్ అంబాసిడర్ వచ్చిందే మార్క్ 4 రోజుల్లో, అంటే 1979 తర్వాత. మార్క్ 2 తయారీ 1975తో సరి. ఆర్‌సీలో పెట్రోలు అని ఉంది. “మైలేజీ కోసం మార్పించాం సార్, దానికి విడిగా ఖర్చయింది” అని ఆ ఖర్చునీ ధరలో కలిపాడు. వీఏ నంబరు రాకుండా చేసే మార్పుకి మనమే డబ్బు కట్టాలన్నమాట! ఇంజిన్ మార్పు ఆర్‌సీలో ఎక్కలేదు కాబట్టి ఆర్టీవో ఆఫీసులో ట్రాన్స్‌ఫర్ రోజున నిలబడాల్సింది కూడా కొన్నవాడే.

తర్వాత ఇన్సూరెన్స్ కాగితం తీశాడు. అందులో ఐడీవీ, అంటే బండి పూర్తిగా పోతే కంపెనీ ఇచ్చే మొత్తం, ఐదు లక్షలు. “కంపెనీవాళ్లే ఒప్పుకున్న విలువ” అన్నాడు. ఐదేళ్లు దాటిన బండికి ఐడీవీ అంటే కంపెనీ, యజమాని మాట్లాడుకుని రాసుకున్న అంకె. ప్రీమియం కడతానంటే అంకె పెరుగుతుంది, అది బజారు ధరకి సాక్ష్యం కాదు. తమాషా ఏంటంటే ఇన్సూరెన్స్‌వాళ్ల మోటార్ టారిఫ్ లెక్కలో వింటేజ్ అంటే 1940 డిసెంబరు 31కి ముందు తయారైన కారు. అప్పటికి అంబాసిడర్ పుట్టనేలేదు.

నెట్‌లో ప్రకటనలూ చూపించాడు, ఎనిమిది లక్షలవి, తొమ్మిది లక్షలవి. అవి అడిగే ధరలు. ఎంతకి తెగాయో ఏ ప్రకటనా చెప్పదు.

ఇక పాత బండిని బాగు చేయించామంటూ చూపిన మూడు లక్షల రీస్టోరేషన్ బిల్లు. ఇక్కడ మా కార్ల మేస్త్రి (మెకానిక్) రంగంలోకి దిగాడు. గుడ్డలో చుట్టిన అయస్కాంతం తలుపుల అడుగున, వెనక చక్రాల పైన పెడితే చాలాచోట్ల పట్టనే లేదు, లోపలంతా పుట్టీ. మ్యాట్ ఎత్తితే ఫ్లోరు మీద తారు పూశారు, స్క్రూడ్రైవరు మొన ఆనించగానే దిగిపోయింది. గ్రిల్ చిన్న గళ్లది, మార్క్ 2దే, కొత్తగా మెరుస్తోంది. దాని పక్కన మార్క్ 4కి విడిగా ఉండే పార్కింగ్ లైట్ల చోట రేకు ముక్కలు వెల్డ్ చేసి పైన రంగు కొట్టారు. అంటే ముఖం 1970ది, ఒళ్లు ఎనభైలది. గ్రిల్, బంపర్లు, సీటు కవర్లు డబ్బిస్తే దొరుకుతాయి, వాటికి పెట్టిన ఖర్చు బిల్లు చూసి తిరిగి ఇచ్చేది కాదు. రంగు బాగుంటే నేనైతే అనుమానం పెంచుతాను.

మేం కట్టిన ధర ఇలా వచ్చింది. మేస్త్రికి స్వయంగా తెలిసిన రెండు అమ్మకాలున్నాయి, కాగితాలు శుభ్రంగా ఉండి నడుస్తున్న మార్క్ 4లు. అవి రెండు, రెండున్నర లక్షల మధ్య తెగాయి. అక్కడ మొదలుపెట్టాం. ఫ్లోరుకీ తలుపుల అడుగు భాగాలకీ అమ్మేవాడితో సంబంధం లేని టింకర్ (రేకు పని చేసే) ఒకాయన ఎనభై వేలన్నాడు. అది తీసేశాం. బ్రేకులు, వైరింగు చూసుకోడానికి ఇంకొంత. లక్షన్నర లోపుకి దిగింది. తయారీ 2014లో బెంగాల్‌లోని ఉత్తరపారా ఫ్యాక్టరీలో ఆగిపోయింది, ఇక దొరకవంటాడు అమ్మేవాడు గానీ, యాభై ఏళ్లకి పైగా చేసిన కారు అది. అరుదైనవి తొలి మార్క్ 1లు, మార్పులు లేని మార్క్ 2లు. ఇది రెండూ కాదు.

ఆ లక్షన్నర కూడా వద్దన్నాడు మేస్త్రి చివరికి. ఛాసిస్ నంబరు ప్లేటు ఆర్‌సీతో అక్షరం పొల్లు పోకుండా కలిసింది, కానీ రివిట్లు కొత్తవి, ప్లేటు కింద కొత్త రంగు. ఎక్కడో తుక్కుకి పోయిన 1970 కారు ప్లేటూ ఆర్‌సీ తెచ్చి దీనికి తగిలించారనే మా అనుమానం. అదే నిజమైతే దాని ధర తుక్కు ధర, తలనొప్పి అదనం. ప్లేటు మీద కాగితం పెట్టి పెన్సిల్ ప్రింట్ తీసుకోనివ్వమంటే “ముందు మిగతా డబ్బు” అన్నారు. ఆ మాట ఎవరన్నా సరే, అక్కడితో లేచి వచ్చేయండి.

ఇంకో సంగతి. 1989కి ముందు నంబర్లలో చాలావాటి వివరాలు కంప్యూటర్‌లో ఉండవు, చేతిరాత ఆర్‌సీ పుస్తకమే ఆధారం. పరివాహన్‌లో (రవాణా శాఖ వెబ్‌సైట్‌లో) కనబడకపోతే ఆ రికార్డు ముందు ఎక్కించమని అమ్మేవాడినే అడగండి, అది అయ్యాకే డబ్బు మాట. హైదరాబాద్ రిజిస్ట్రేషన్ అయితే అక్కడి ఆర్టీవో ఇచ్చే ఎన్‌ఓసీ (అభ్యంతరం లేదనే పత్రం) కూడా కావాలి, ఇప్పుడది పక్క రాష్ట్రం.

బయానా రసీదులో ‘కాగితాలు, ఇంజిన్ సరిపోకపోతే పూర్తిగా వాపసు’ అని బావగారు సంతకంతో సహా రాయించుకున్నారు. అయినా ముప్పై వేలు చేతిలో పెట్టి, మిగతాది “షెడ్డు ఛార్జీ” అన్నారు. 1915కి ఫోన్ చేసి వినియోగదారుల హెల్ప్‌లైన్‌లో నమోదు చేయించాం. తేలకపోతే గుంటూరు జిల్లా వినియోగదారుల కమిషన్‌లోనే కేసు వేస్తారు. 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం కొన్నవాళ్లుండే ఊళ్లో వేసుకోవచ్చు, 5 లక్షల లోపు వాటికి ఫీజు లేదు.

కారు ఇంకా అమ్మకానికే ఉంది. చిన్న గళ్ల గ్రిల్, డీజిల్ చప్పుడు, నంబరు ప్లేటు దగ్గర కొత్త రివిట్లు. రంగు మార్చినా ఇవి మారవు. ఎవరికైనా చూపిస్తే కింద రాయండి.