ఒక తెల్ల కాగితం మీద నాలుగు జీతాల లెక్క: అరండల్‌పేటలో మా పన్ను సలహాదారు

గుంటూరు బయట ఒక పత్తి జిన్నింగ్ మిల్లులో పదకొండేళ్లుగా అకౌంట్స్ చూస్తున్నాను. ఏటా ఫిబ్రవరిలో, మార్చి జీతాల్లో టీడీఎస్ (జీతంలోంచి ముందే కోసే ఆదాయ పన్ను) సరిచేసే ముందు, మా వాళ్ల కాగితాలు పట్టుకుని అరండల్‌పేటలో ఒక పన్ను సలహాదారు దగ్గరికి వెళ్తాను. బ్యాంకులో చేసి రిటైరయిన మనిషి. పేరు రాయొద్దన్నారు కాబట్టి రాయను. ఆయన పనితీరు గురించి మాత్రం రాయాలనిపించింది.

2025 ఫిబ్రవరి 1న బడ్జెట్ వచ్చాక మా దగ్గర బేళ్లు ఎత్తే ఒకాయన నన్ను అడిగాడు. "అమ్మా, పన్నెండు లక్షల దాకా ట్యాక్స్ లేదంట కదా, మరి మా జీతం ఏమన్నా పెరుగుద్దా?" ఆయన జీతం నెలకు 16,000. ఏం చెప్పాలో నాకు నోరు రాలేదు. అంతకుముందు ఏడాది ఎవరో ఒక సెంటర్లో "రిటర్న్ వేస్తే రీఫండ్ వస్తుంది" అని ఆయన దగ్గర వెయ్యి రూపాయలు తీసుకున్నారు. అసలు పన్నే కట్ కాని మనిషికి రీఫండ్ ఎక్కడి నుంచి వస్తుంది? ఆ కోపం నాకు ఇంకా పోలేదు. అందుకే 2026 ఫిబ్రవరిలో ఆయన్ని కూడా వెంటబెట్టుకుని వెళ్లాను.

సలహాదారుగారు కంప్యూటర్ పక్కకు నెట్టి తెల్ల కాగితం తీశారు. పోయినేడు (2024-25) పన్ను ఎంత, ఈ ఏడు (2025-26) ఎంత, తేడా ఎంత అని మూడు గళ్లు గీశారు. ముందు మా బేళ్ల మనిషి లెక్క. ఏడాదికి 1,92,000. పోయినేడు సున్నా, ఈ ఏడు సున్నా, తేడా సున్నా. తర్వాత మా సూపర్‌వైజర్, నెలకు 60,000. అక్కడా మూడు సున్నాలే. కొత్త పన్ను విధానంలో (చాలా మినహాయింపులు వదులుకుంటే రేట్లు తగ్గే పద్ధతి) జీతం 7,75,000 దాటనివాళ్లకు పోయినేడే పన్ను లేదు. లేని పన్ను ఇంకేం తగ్గుతుంది?

మూడోది మా మేనేజరుగారిది. ఆయన ఒప్పుకున్నారు కాబట్టే రాస్తున్నా. జీతం 12,75,000. జీతగాళ్లకు లెక్కలోంచి మినహాయించే స్టాండర్డ్ డిడక్షన్ 75,000 తీసేస్తే సరిగ్గా పన్నెండు లక్షలు. పోయినేడు సెస్సుతో (పన్ను మీద వేసే అదనపు వడ్డన) కలిపి 83,200 కట్టారు. ఈ ఏడు 60,000 రిబేటు (పన్నులో మాఫీ) రావడంతో ఏమీ లేదు. అంటే నెలకు దాదాపు 6,900 చేతికొస్తుంది. నాలుగోది హైదరాబాదులో ఉన్న మా తమ్ముడిది, 24,75,000. పోయినేడు 4,26,400 కట్టాడు, ఈ ఏడు 3,12,000. మిగిలింది 1,14,400.

"ఇంకొకటి ఊహించి వేద్దాం అమ్మా" అని ఏడాదికి 60 లక్షలు వచ్చే వ్యాపారి లెక్క కూడా వేశారు. సర్‌చార్జి (పెద్ద ఆదాయాలకు పన్ను మీద పడే అదనపు పన్ను), సెస్సు అన్నీ కలిపితే పోయినేడు 17,04,560, ఈ ఏడు 15,78,720. తగ్గింది 1,25,840. మా బేళ్ల మనిషికి ఏడెనిమిది నెలల జీతం అది. నాకు మనసులో చివుక్కుమంది. కానీ సలహాదారుగారు అక్కడ ఆపలేదు. వచ్చిన ఆదాయంతో పోలిస్తే ఎవరికి ఎక్కువ మిగిలిందో చూడమన్నారు. మేనేజరుగారికి నూటికి ఆరున్నర రూపాయలు, మా తమ్ముడికి నాలుగున్నర పైన, వ్యాపారికి రెండు రూపాయల పైచిలుకు. ఇంతకుముందు పదిహేను లక్షలు దాటగానే పడే 30 శాతం ఇప్పుడు 24 లక్షలు దాటాకే పడుతుంది. అందుకే పైవాళ్లకూ తగ్గింది. దామాషాలో చూస్తే మధ్యవాళ్లకు ఎక్కువ కలిసొచ్చింది. అడుగున ఉన్నవాళ్లకు ఏమీ రాలేదు. ఇంత విడమరిచి చెప్పినవాళ్లను నేను ఇంకెక్కడా చూడలేదు.

తర్వాత ఆయన వేలుపెట్టి చూపించింది వృత్తి పన్ను, అంటే జీతంలోంచి నెలనెలా కోసే రాష్ట్ర పన్ను. మన రాష్ట్రంలో నెల జీతం 15,000 దాటితే 150, 20,000 దాటితే 200. మా బేళ్ల మనిషి ఏడాదికి 1,800 కడుతున్నాడు. పన్నెండు లక్షల మేనేజరుగారు 2,400. నెలనెలా నా చేత్తోనే కోస్తున్నా, ఆ రెండు అంకెలూ పక్కపక్కన పెట్టి నేను ఎప్పుడూ చూడలేదు. రాజ్యాంగమే దీనికి మనిషికి ఏడాదికి 2,500 అని గరిష్ఠ హద్దు పెట్టిందట, కాబట్టి పైవాళ్ల దగ్గర ఇంతకన్నా పెద్దగా తీసుకునే వీల్లేదు. మా వాడితో ఆయన అన్నారు: "బాబూ, నీకు ఇన్‌కమ్ ట్యాక్సులో ఏమీ రాలేదు. 2025 సెప్టెంబరు 22 నుంచి సబ్బు, టూత్‌పేస్టు మీద జీఎస్టీ 18 నుంచి 5 శాతానికి దిగింది. నీకు వచ్చిందంటే అక్కడే." మా వాడు తలూపి, ఆ కాగితం తనకు ఇమ్మని అడిగాడు.

మా ఆడపడుచు కొడుక్కి కూడా ఈయన వల్లే ఒక ముప్పు తప్పింది. బెంగళూరులో 11 లక్షల జీతం, షేర్లు కొని కొన్ని నెలల్లోనే అమ్మితే 50,000 లాభం. పన్నెండు లోపే కదా, పన్ను లేదని ధీమాగా ఉన్నాడు. ఆ లాభానికి రిబేటు వర్తించదు, 20 శాతం పన్ను, సెస్సుతో 10,400 కట్టాలి అని చెప్పారు. మార్చి లోపే కట్టేశాడు, టెన్షన్ తప్పింది.

ఇబ్బందులూ ఉన్నాయి. ఆఫీసులో కుర్చీలు రెండే. జూలైలో అయితే మెట్ల మీద నిలబడాలి. ఫోన్ చేస్తే ఎత్తరు, సాయంత్రం ఆయనే తిరిగి చేస్తారు. రాత గొలుసుకట్టు, కాగితం ఇంటికి తెచ్చుకుని చదవాలంటే కష్టం. అక్కడే కూర్చుని అడిగి రాసుకోవడం మేలు.

జీతం ఒక్కటే ఉన్నవాళ్ల రిటర్నుకు 700 తీసుకుంటారు, షేర్లు, ఇంటి అద్దె ఉంటే 1,200. పన్ను పడని వాళ్లు సలహా అడిగితే డబ్బు తీసుకోరు. మా బేళ్ల మనిషి జేబులోంచి వంద తీస్తే వద్దని చేయి అడ్డం పెట్టారు. ఉదయం పదిలోపు వెళ్తే తొందరగా పని అవుతుంది. ఫారం 16తో (జీతం, కోసిన పన్ను చూపిస్తూ ఆఫీసు ఇచ్చే కాగితం) పాటు బ్యాంకు వడ్డీ కాగితం కూడా పట్టుకెళ్లండి, అది లేకుండా ఆయన లెక్క మొదలుపెట్టరు.