బర్ఫర్డ్ ఉన్ని మూటలా, పెయిన్స్‌విక్ బల్ల సమాధులా?

ఇంగ్లండ్ కాట్స్‌వోల్డ్స్ పల్లెల్లో, చర్చి ఆవరణల్లోని చెక్కడపు సమాధులు చూడ్డానికి ఒక్క పూటే దొరికితే ఎటు వెళ్లాలి? రెండు చోట్లా రాయి సున్నపురాయే, పనితనమే వేరు.

ఆక్స్‌ఫర్డ్‌షైర్‌లోని బర్ఫర్డ్‌లో, పెట్టెలాంటి సమాధుల మీద గుండ్రటి రాతి దిమ్మెలు బోర్లించినట్టుంటాయి. వాటి నిండా వరసగా చెక్కిన గాడులు. ఒకప్పుడు ఉన్ని వ్యాపారంతో బతికిన ఊరు కదా, అవి ఉన్ని మూటలేనని జనం చెప్పుకుంటారు. శవం మీద కప్పిన గుడ్డ మడతలనేవాళ్లూ ఉన్నారు. కొన్నిటి చివర్లు వంగి చూడండి: విప్పారిన ఆల్చిప్ప, దాని మధ్యలో చిన్న పుర్రె! 1649లో ముగ్గురు లెవెలర్ సైనికులను (అందరికీ సమాన హక్కులు కోరిన ఉద్యమంవాళ్లు) కాల్చి చంపింది కూడా ఈ ఆవరణలోనే.

గ్లాస్టర్‌షైర్‌లోని పెయిన్స్‌విక్‌లో రకాలు ఎక్కువ. నున్నగా కత్తిరించిన, ఏడాదంతా పచ్చగా ఉండే యూ చెట్ల మధ్య బల్లల్లాంటివి, టీ డబ్బాల్లా నిలువుగా ఉన్నవి కనిపిస్తాయి. ఇక్కడి శిల్పి జాన్ బ్రయన్ 1787లో చనిపోయాడు, ఆయన సమాధి పిరమిడ్.

ఫొటోలకైతే పెయిన్స్‌విక్. నా ఓటు మాత్రం బర్ఫర్డ్‌కే, ఆ పుర్రెల కోసం. సున్నపురాయిని వాన ఏటా కొంచెం తినేస్తుంది, అందుకే తొందరగా చూడాలి. రాతి మీది నాచును మాత్రం గీకకండి, దాంతోపాటు చెక్కడమూ ఊడొస్తుంది.