తరంగంబాడి, శ్రీరాంపురం: రెండు మిషన్ల దారులు

తమిళనాడులోని తరంగంబాడి, బెంగాల్‌లోని శ్రీరాంపురం: క్రైస్తవ మిషన్లు పనిచేసిన ఈ రెండూ ఒకప్పటి డేనిష్ (డెన్మార్క్) స్థావరాలే. 1706లో తరంగంబాడిలో దిగిన జర్మన్ మిషనరీ జీగెన్‌బాల్గ్‌ను రెండేళ్లకే స్థానిక డేనిష్ అధికారి చెరలో పెట్టించాడు. 1800లో శ్రీరాంపురంలో స్థిరపడిన ఇంగ్లిష్ మిషనరీలు కేరీ, మార్ష్‌మన్, వార్డ్‌లకు మాత్రం, మిషనరీలంటే గిట్టని ఈస్టిండియా కంపెనీ నుంచి ఆ డేనిష్ పాలనే రక్షణ కల్పించింది.

జీగెన్‌బాల్గ్ ఒక్క తమిళంలోనే లోతుకు వెళ్లాడు. తాటాకు గ్రంథాలు సేకరించాడు. దక్షిణాది దేవతల గురించి 1713లో రాసిన పుస్తకం 1867 దాకా అచ్చుకే నోచుకోలేదు. ఎదుటివారి నమ్మకాన్ని అంత శ్రద్ధగా తెలుసుకున్న శ్రమను జర్మనీలోని మిషన్ పెద్దలు ఆనాడు మెచ్చకపోవడం నాకిప్పటికీ బాధగానే ఉంటుంది. అతను అనువదించిన బైబిల్ కొత్త నిబంధన తమిళంలో 1715లో అచ్చయింది.

శ్రీరాంపురం వెడల్పును ఎంచుకుంది: పదుల భాషల్లో బైబిల్ అనువాదాలు, సొంత అచ్చుకూటం, స్థానిక పండితుల సాయం. 1812 అగ్నిప్రమాదంలో రాతప్రతులు, అచ్చు అక్షరాలు కాలిపోయినా పని ఆగలేదు. అయితే ఆ వేగంలో చాలా అనువాదాలు కరకుగా మిగిలాయి.

తెలుగువారికి మేలు చేసింది మాత్రం శ్రీరాంపురమే. తరంగంబాడి మిషన్‌కు చెందిన షుల్జ్ తెలుగు బైబిల్ అనువాదం అచ్చుకాకుండానే ఉండిపోయింది. విశాఖపట్నంలో మిషనరీ డెగ్రాంజెస్ బృందం అనువదించిన సువార్తలు 1812లో శ్రీరాంపురంలో అచ్చయ్యాయి.