వెర్దిక్కియో వైట్ వైన్: ఏళ్ల తరబడి తాగాక చెబుతున్న మాట

ఇటలీ వైట్ వైన్ అనగానే చాలామంది పీనో గ్రిజో పేరు చెబుతారు. నన్నడిగితే మార్కే ప్రాంతంలో వెర్దిక్కియో అనే ద్రాక్షతో చేసే, అదే పేరున్న వైన్ అంటాను. ఎన్నో ఏళ్లుగా మా ఇంట్లో ఎప్పుడూ ఉండే వైట్ వైన్ ఇదే. కొత్తగా ఉన్నప్పుడు తాగినా బాగుంటుంది, మంచి సీసా అయితే ఐదారేళ్లు దాచి తాగినా బాగుంటుంది. మామూలు ధరకు దొరికే వైట్ వైన్లలో ఈ రెండో గుణం అరుదు.

కొత్త వైన్‌ది ఆకుపచ్చ ఛాయ తేలే లేత పసుపు రంగు. నిమ్మ, పచ్చి ఆపిల్, కాస్త సోంపు వాసన. పులుపు గట్టిగానే తగులుతుంది. మింగాక చేదు బాదం రుచి నాలుక మీద నిలుస్తుంది. ఇది తెలియని వాళ్లు సీసా పాడైందనుకుంటారు. నేనైతే ఆ చేదు కోసమే కొంటాను. ఒక సూపర్‌మార్కెట్‌లో చవకగా కొన్న సీసాలో ఆ చేదూ లేదు, పులుపూ లేదు, నీళ్లలా ఉంది. 1950ల్లో ఫాట్సి బత్తాల్యా కంపెనీ తెచ్చిన ఆంఫొరా (పాతకాలపు గ్రీకు జాడీ) ఆకారపు సీసా ఈ వైన్‌కి లోకమంతా పేరు తెచ్చింది. కానీ లోపలి సరుకు కంటే సీసాయే ఎక్కువ గుర్తుండిపోయిందని నా బాధ.

ఇది రెండు చోట్ల తయారవుతుంది. ఒకటి అంకోనా రేవు పట్టణం దగ్గరి కాస్తెల్లి ది యేజి, ఆ కొండలకు ఆడ్రియాటిక్ సముద్రపు గాలి తగులుతుంది. అక్కడి వైన్ కొంచెం నిండుగా, మెత్తగా ఉంటుంది. రెండోది మతెలికా, ఇంకా లోపల, అపెనైన్ కొండల మధ్య ఉత్తర దక్షిణాలుగా సాగిన లోయ. సముద్రపు గాలి అంతగా చేరదు, రాత్రుళ్లు బాగా చలి. అందుకే ఆ వైన్‌లో పులుపు పదునుగా నిలుస్తుంది. వేసవిలో నాకు మతెలికానే ఇష్టం, ముఖ్యంగా కొల్లెస్తెఫానో వాళ్లది.

దాచుకోవాలంటే లేబుల్ మీద రిసెర్వా అని చూసి కొనండి. దానికి ఇటలీ వైన్లకిచ్చే అత్యున్నత హోదా డీవోసీజీ ఉంది, కనీసం 18 నెలలు నిలవ ఉంచాకే అమ్ముతారు. విల్లా బుచ్చి అనే రిసెర్వా పెద్ద పాత ఓక్ పీపాల్లో ముదురుతుంది కాబట్టి చెక్క వాసన పైకి రాదు. వయసొచ్చేకొద్దీ తేనె, ఎండిన పూలు, చెకుముకి రాయి వాసనలు వస్తాయి. అయినా పులుపు సడలదు. కొందరు కొత్త చిన్న పీపాల్లో పెట్టి వెనిల్లా వాసన ఎక్కిస్తారు, అది నాకు నచ్చదు. ఈ ద్రాక్షతోనే నురుగు వైన్, ఎండబెట్టి పాస్సీతో అనే తీపి వైన్ కూడా చేస్తారు. నేను ఎక్కువగా తాగింది మాత్రం మామూలు వైనే.

ఫ్రిజ్‌లోంచి తీసిన వెంటనే తాగకండి. మరీ చల్లగా ఉంటే వాసనలన్నీ మూసుకుపోతాయి. 10 నుంచి 12 డిగ్రీల దగ్గర బాగుంటుంది, రిసెర్వా అయితే ఇంకాస్త వెచ్చగా. అంకోనా వాళ్లు బ్రొదెత్తో అనే చేపల కూరతో తాగుతారు. మన చేప వేపుడుతోనూ బాగా కుదురుతుంది. చింతపండు పులుసుతో మాత్రం వద్దు, రెండు పులుపులూ ఒకదాన్నొకటి చెడగొట్టుకుంటాయి.