ఇంటి తాపీ పనికి బూడిద ఇటుకలు: కొన్నేళ్లు వాడాక నా మాట

ఇంటి చుట్టూ చిన్నచిన్న తాపీ పనులు సొంతంగా చేసుకోవాలనుకునేవారికి మొదట వచ్చే సందేహం ఎర్ర ఇటుకా, బూడిద ఇటుకా (థర్మల్ విద్యుత్ కేంద్రాల బూడిదతో చేసే ఫ్లైయాష్ ఇటుక) అన్నదే. హనుమకొండలోని మా ఇంట్లో రెండూ ఉన్నాయి. పాత ప్రహరీ ఎర్ర ఇటుకది, దాని మరమ్మతులు నావి. పూలమడుల గట్లు, బట్టలుతికే బండ పక్కన అడ్డుగోడ, తులసి గద్దె బూడిద ఇటుకలతో కట్టాను. కొన్ని వానాకాలాలు గడిచాక చెబుతున్నాను: కొత్తగా తాపీ పట్టేవారికి బూడిద ఇటుకే నయం. అయితే దుకాణాల్లో ఊదరగొట్టే కారణాలకు కాదు.

కారణం కొలత. తొమ్మిది అంగుళాల పొడవు, నాలుగు వెడల్పు, మూడు మందం అంటే ప్రతి ఇటుకా దాదాపు అంతే ఉంటుంది. బట్టీ ఇటుకల్లో ఒకటి వంకర, ఒకటి లావు. ఆ తేడాను మేస్త్రీ మాలుతో, అంటే సిమెంటు, ఇసుక, నీళ్లు కలిపిన ముద్దతో, కంటికి కనబడకుండా సర్దేస్తాడు. మనకు ఆ చెయ్యి ఇంకా రాలేదు కదా. ఇటుక సమానంగా ఉంటే పది మిల్లీమీటర్ల అతుకు నిలబెట్టడం ఒక్కటే మన పని.

చెల్పూరు, రామగుండం థర్మల్ కేంద్రాల బూడిద దగ్గరే కాబట్టి ఈ ప్రాంతంలో ఈ ఇటుకలకు కొరత లేదు. నాణ్యతకే హామీ లేదు. ఒక లోడులో సగం ఇటుకల మూలలు దించేటప్పుడే రాలిపోయాయి. తగినన్ని రోజులు తడపకుండానే అమ్మేశారన్నమాట. అప్పటి నుంచి రెండు ఇటుకలు తీసి ఒకదానితో ఒకటి కొట్టి చూస్తాను. ఖంగుమనాలి. గోరుతో గీస్తే పొడి రాలకూడదు. వరంగల్ చుట్టుపక్కల ఇటుక మాట ఎత్తితే చాలు, రామప్ప గుడి శిఖరం మీది నీళ్లలో తేలే ఇటుకల గురించి ఎవరో ఒకరు చెబుతారు. మన బూడిద ఇటుకలు తేలవు. ఒక్కోటి మూడు కిలోల పైమాటే, ఆ సంగతి సాయంత్రానికి నడుము చెబుతుంది.

ఎర్ర ఇటుకను బుడగలు ఆగేదాకా నీళ్లలో నానబెట్టాలి, లేకపోతే మాలులోని నీరంతా తాగేస్తుంది. బూడిద ఇటుకకు పైన నీళ్లు చల్లితే చాలు. నానబెడితే మాలు మీద జారుతుంది. ఒక ఇటుక వెడల్పు గోడకు (దీన్నే నాలుగున్నర అంగుళాల గోడ అంటారు) నేను ఒక గమేళా (ఇనుప తట్ట) సిమెంటుకు నాలుగు గమేళాల ఇసుక కలుపుతాను. ఎండాకాలంలో గంటలో వాడగలిగినంతే కలపాలి. గట్టిపడిన మాలులో మళ్లీ నీళ్లు పోసి వాడితే ఆ గోడ మీద ఆశ వదులుకోవచ్చు.

పనిముట్ల విషయంలో తాపీ, రసమట్టం (వరుస సమంగా ఉందో లేదో చూపేది) మంచివి కొనండి. గోడ నిలువు చూసే తూకం గుండు, నూలు దారం ఏవైనా ఫరవాలేదు. మా వీధి మేస్త్రీ ఒకసారి నా పని చూసి, "మొదటి వరుస తేల్చుకోండి సార్, పైవాటిని దారమే చూసుకుంటుంది" అన్నాడు. నేనిప్పుడు మొదటి వరుసను మాలు లేకుండా పేర్చి చూసుకుంటాను. ముక్క ఎక్కడ పడుతుందో అక్కడే తెలిసిపోతుంది. పై వరుస అతుకు కింది ఇటుక నడుమకు రావాలి. మట్టి నింపే పూలమడికి కింది వరుసలో మూడడుగులకొక నిలువు అతుకు మాలు పెట్టకుండా వదిలితే వాననీరు బయటకు పోతుంది. వదలని గట్టు పొట్ట ఉబ్బుతుంది.

ఇక లోపాలు. పైభాగం నున్నగా ఉండటంతో ప్లాస్టరు సరిగా పట్టదు. మాలు పచ్చిగా ఉండగానే అతుకులను కాస్త లోపలికి గీకి ఉంచితే పట్టు దొరుకుతుంది. కుళాయి దగ్గరి అడ్డుగోడకు ఏటా తెల్లగా ఉప్పు పొంగుతుంది. ఎండిన బ్రష్షుతో రుద్దితే పోతుంది, మళ్లీ వస్తుంది. మేకు కొడితే పెచ్చు లేస్తుంది, డ్రిల్లే దిక్కు.

కట్టాక కనీసం వారం, పీపీసీ (బూడిద వంటివి కలిపిన) సిమెంటయితే పది రోజులు నీళ్లు కొట్టాలి. మే నెలలో తడి గోనెపట్టాలు కప్పితే మరీ మంచిది. నల్లరేగడి నేలయితే ఇటుక కంటే ముందు పునాది గురించి ఆలోచించండి. ఆ నేల ఎండకు నెర్రెలిచ్చి, వానకు ఉబ్బుతుంది, పైన ఏ ఇటుక పెట్టినా గోడ చీలుతుంది. మూడడుగులు దాటే గోడయినా, అవతల మనుషులు నడిచే ప్రహరీ అయినా మేస్త్రీకే అప్పగిస్తాను.